అభిశంసన అంటే పదవి నుంచి దించేయడమేనా?

మీ ఊళ్లో వార్డు సభ్యులు సర్పంచ్‌పై ‘అభిశంసన పెడతాం’ అంటున్నారనీ, అది నెగ్గితే ఆయన దిగిపోయినట్టేనా అనీ అడిగారు. కాదండీ. అభిశంసన అంటే పదవిలో ఉన్న వ్యక్తి ఫలానా తప్పు చేశారని చట్టసభ అధికారికంగా మోపే అభియోగం. విచారణ, తీర్పు ఆ తర్వాతి సంగతి. అమెరికా అధ్యక్షుల్లో ఆండ్రూ జాన్సన్ 1868లో, క్లింటన్ 1998లో, ట్రంప్ 2019లో ఒకసారి, 2021లో మరోసారి అభిశంసనకు గురయ్యారు. విచారణ జరిపే ఎగువ సభ సెనేట్ వీరిలో ఒక్కరినీ దోషిగా తేల్చలేదు. అయినా ఆ వార్త వచ్చిన ప్రతిసారీ కుర్చీ పోయినట్టే మన చానళ్లు హోరెత్తిస్తాయి. వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక సర్పంచ్ సంగతి. ఆయన్ను ఊరి ఓటర్లు నేరుగా ఎన్నుకున్నారు కాబట్టి వార్డు సభ్యులు తీర్మానం చేసి దించలేరు. అవిశ్వాసం ఉపసర్పంచ్ మీద చెల్లుతుంది, ఎంపీపీ మీద చెల్లుతుంది. సర్పంచ్‌ను తొలగించే అధికారం జిల్లా కలెక్టరుది. మీరు పెట్టగలిగింది ఆయనకు అర్జీ.

ఆ అర్జీ ఎలా ఉండాలో నాకు బాగా తెలుసు. మా పిన్ని వార్డు సభ్యురాలిగా ఉన్నప్పుడు ఆ కాగితం రాసింది నేనే. పంచాయతీ కార్యాలయం వరండాలో సభ్యులంతా కూర్చున్నారు. ‘అవినీతికి పాల్పడ్డారు అని రాయి బాబూ, చాలు’ అన్నారు ఒక పెద్దాయన. రాయనన్నాను. ఏ పని, ఏ తేదీ, ఏ బిల్లు, ఎంత సొమ్ము చెప్పమన్నాను. విసుక్కున్నారు. చివరికి పిన్ని బిల్లుల నకళ్లు ముందేసుకుని చదవడం మొదలుపెట్టింది. బ్లీచింగ్ పౌడరు, వీధి దీపాలు, ఆ తర్వాత బోరు మోటారు రీవైండింగ్. ఒకే మోటారుకు వేసవి పొడవునా మళ్లీ మళ్లీ రీవైండింగ్ చేయించినట్టు బిల్లులున్నాయి. ‘ఆ మోటారు సంక్రాంతి నుంచి షెడ్డులోనే పడి ఉంది కదరా, దించిందెవరు, బాగు చేసిందెవరు?’ అంది పిన్ని. వరండా అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. అభియోగం అంటే అది! ‘అవినీతి’ అన్న మాటకు ఎవరైనా ‘రాజకీయ కక్ష’ అని బదులిస్తారు. షెడ్డులో ఉన్న మోటారుకు బిల్లు ఎందుకు పెట్టావంటే జవాబు చెప్పి తీరాలి.

మధ్యలో ఇద్దరు సభ్యులు సంతకాలు వెనక్కి తీసుకుంటామని వచ్చారు. సంతకం పెట్టేటప్పుడు చదవరు, ఫోను రాగానే భయపడతారు. దీన్ని మాత్రం నేను క్షమించలేను.

డివిజనల్ పంచాయతీ అధికారి విచారణకు వచ్చారు, రికార్డులు అడిగారు. ఇంతలో సర్పంచ్ ఆరోగ్యం బాగాలేదని రాజీనామా చేశారు. ఫైలు అక్కడితో ఆగింది. ఊళ్లో టపాసులు కాల్చారు. పిన్ని ఒక్కతే ‘ఆయన దిగిపోతే నాకేం ఒరిగింది? ఆ డబ్బు ఏమైందో చెప్పనే లేదుగా’ అంది.

దేశం పెద్దదైనా తంతు ఇదే. న్యాయమూర్తుల విషయంలో రాజ్యాంగం వాడిన మాట తొలగింపు. అభిశంసన అన్న మాట 61వ అధికరణంలో రాష్ట్రపతికే ఉంది. అయినా అందరం అభిశంసన అనే అంటాం, అననివ్వండి. లోక్‌సభలో 100 మంది గానీ రాజ్యసభలో 50 మంది గానీ సంతకం చేయాలి, ముగ్గురు సభ్యుల కమిటీ విచారించాలి, ఆపైన ఉభయ సభలూ తీర్మానం నెగ్గించాలి. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సౌమిత్ర సేన్ విషయంలో 2011 ఆగస్టులో రాజ్యసభ ఆ పని చేసింది. 189 మంది తీర్మానానికి ఓటేశారు. లోక్‌సభ ముందుకు వచ్చేలోపే ఆయన రాజీనామా చేశారు, తీర్మానం ఆగిపోయింది. అదే ఏడాది సిక్కిం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దినకరన్ కూడా విచారణ సాగుతుండగానే రాజీనామా చేశారు.

ఎందుకు ఆగాలి? వారన్ హేస్టింగ్స్ 1785లోనే బెంగాల్ గవర్నర్ జనరల్ పదవి వదిలి ఇంటికి వెళ్లాడు. బ్రిటిష్ పార్లమెంటు ఆ తర్వాతే అతన్ని అభిశంసించి 1788 నుంచి 1795 దాకా విచారించింది. చివరికి నిర్దోషి అన్నారు, అది వేరు. అభియోగాలు చదివారు, జవాబు విన్నారు, తీర్పు చెప్పారు. 2021లో ట్రంప్ విచారణ కూడా ఆయన పదవి దిగాకే జరిగింది. రాజీనామా కాగితం ఇచ్చినంత మాత్రాన ప్రశ్నకు జవాబు వచ్చినట్టు ఎలా అవుతుంది? మన చట్టం మారాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

మీ ఊరి సంగతికి వస్తే, ముందు బిల్లులు, క్యాష్‌బుక్, ఆడిట్ నివేదిక నకళ్లు సమాచార హక్కు కింద అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. అర్జీలో ఒక్కో ఆరోపణకు ఒక్కో పేరా, దాని పక్కన బిల్లు తేదీ రాయండి. సంతకం పెట్టే ప్రతి సభ్యుడికీ మొత్తం చదివి వినిపించండి. మధ్యలో సర్పంచ్ రాజీనామా చేస్తే ఊరుకోవద్దు. ఆడిట్‌లో దుర్వినియోగమని తేలిన సొమ్మును పదవిలో లేనివారి నుంచి కూడా సర్‌చార్జి కింద వసూలు చేయవచ్చు. వసూలు చేయమంటూ రెండో అర్జీ పెట్టండి.