ఊడిన పన్ను స్థానంలో బ్రిడ్జా, ఇంప్లాంటా?

ప్రశ్న: నా వయసు 56. మూడేళ్ల కిందట కింది దవడలో కుడివైపు మొదటి దవడ పన్ను పుచ్చిపోతే తీయించుకున్నాను. నొప్పేమీ లేదు కదా అని ఆ ఖాళీని అలాగే వదిలేశాను. ఇప్పుడు దాని వెనక పన్ను ముందుకు ఒరిగింది. ఆ సందులో ఆహారం ఇరుక్కుంటోంది. రెండు నెలల కిందట పైన ఎడమవైపు దవడ పన్ను ఒకటి కదిలిపోతుంటే దాన్నీ తీసేశారు. పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. తొమ్మిదేళ్లుగా మధుమేహం ఉంది. ఈ మధ్య చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 8.9 వచ్చింది. దంతవైద్యులు బ్రిడ్జి వేయించుకోమన్నారు. మా అబ్బాయి ఇంప్లాంట్ పెట్టించుకోమంటున్నాడు. ఇప్పటికే రెండు పోయాయి, బాగున్న పళ్లను అరగదీయించుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంప్లాంట్ పనికిరాదని కూడా విన్నాను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో బిగించే కట్టుడు పన్ను) గురించి, ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించిన స్క్రూ మీద నిలిపే పన్ను) గురించి అడిగారు. నేను మాత్రం ముందుగా మీ చిగుళ్ల గురించి చెప్పాలి. మొదటి పన్ను పుచ్చి పోయింది. రెండోది కదిలిపోతుంటే తీసేశారు. పెద్దవాళ్లలో పన్ను దానంతటది కదులుతోందంటే, చాలావరకు చిగుళ్ల జబ్బు వల్ల దాని చుట్టూ ఉన్న ఎముక కరిగిపోయిందని అర్థం. పన్ను తీసేసినంత మాత్రాన ఆ జబ్బు పోదు. తోముకుంటే రక్తం వస్తోందని రాశారంటే అది ఇంకా మీ నోట్లో ఉందనే అనుకోవాలి. ఇప్పుడే ఇంప్లాంట్ పెడితే దాని చుట్టూ కూడా అవే సూక్ష్మజీవులు చేరి ఎముకను తినేస్తాయి. బ్రిడ్జి వేస్తే, దాన్ని మోసే పళ్లు కదలడం మొదలుపెడతాయి. రెండు విధాలా నష్టమే.

మధుమేహానికీ చిగుళ్ల జబ్బుకూ సంబంధం రెండు వైపులా ఉంటుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే చిగుళ్లు త్వరగా దెబ్బతింటాయి. చిగుళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే చక్కెర ఒక పట్టాన అదుపులోకి రాదు. చిగుళ్లకు సరైన చికిత్స చేశాక హెచ్‌బీఏ1సీ కూడా కొంత తగ్గడం చూస్తుంటాం. అందుకని ముందు చిగుళ్ల నిపుణుల దగ్గరకు వెళ్లండి. ప్రతి పన్ను చుట్టూ చిగురు ఎంత లోతు వదులైందో సన్నని కొలబద్దతో కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు ఉంటే ఇబ్బంది లేదు. అంతకంటే లోతుగా ఉన్నచోట చిగురు కింద పేరుకున్న గారను తీసి, పంటి వేళ్లను శుభ్రం చేస్తారు. రెండు, మూడు నెలలయ్యాక మళ్లీ కొలుస్తారు. ఆ వ్యవధిలో మీ మధుమేహ వైద్యుల సాయంతో చక్కెరను తగ్గించుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు ఇంప్లాంట్ పనికిరాదన్న మాట నిజం కాదు. చక్కెర అదుపులో ఉంటే వారికీ బాగానే కుదురుకుంటుంది. హెచ్‌బీఏ1సీ 8 కంటే తక్కువకు, వీలైతే 7 దగ్గరకు వచ్చాక చేయడం మేలు. 8.9తో తొందరపడవద్దు.

ఇక కింది దవడ ఖాళీ సంగతి. పన్ను తీశాక అక్కడి ఎముక తగ్గడం మొదటి ఏడాదిలోనే ఎక్కువగా జరుగుతుంది. మీకు మూడేళ్లయింది కాబట్టి, ఇంప్లాంట్‌కు తగినంత వెడల్పు మిగిలిందో లేదో సీబీసీటీ స్కాన్‌లో (దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే) చూడాలి. వెనక పన్ను ఒరగడం వల్ల చోటు కూడా తగ్గి ఉంటుంది. పైవరుసలో దానికి ఎదురుగా ఉన్న పన్ను కిందికి దిగిందేమో కూడా గమనించాలి. చోటు చాలకపోతే, ఒరిగిన పన్నును కొన్ని నెలల పాటు క్లిప్పులతో నిలబెట్టి, ఆ తర్వాత ఇంప్లాంట్ పెట్టవచ్చు. ఇంప్లాంట్ అంటే టైటానియంతో చేసిన చిన్న స్క్రూ. టైటానియానికి ఎముక గట్టిగా అతుక్కుంటుందని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో గమనించారు. 1965లో తొలిసారి ఒక మనిషికి అమర్చారు. ఎముక అతుక్కోవడానికి కింది దవడలో సుమారు మూడు నెలలు, పైదవడలో ఆరు నెలల వరకు పడుతుంది. ఆ తర్వాతే పైన క్యాప్ బిగిస్తారు. పక్క పళ్లను ముట్టుకునే పని లేదు. మీ అబ్బాయి సలహాలో ఉన్న బలం ఇదే.

మంచి పళ్లను అరగదీయడం మీద మీ అయిష్టం సబబైనదే. బ్రిడ్జి కోసం రెండు పక్కల పళ్ల ఎనామిల్ (పైనుండే గట్టి పొర) తీసేయాలి. అది మళ్లీ పెరగదు. మీ విషయంలో వెనక పన్ను ఒరిగి ఉంది కాబట్టి, దాన్ని ముందు పన్నుకు సమాంతరంగా తేవడానికి ఇంకా ఎక్కువ అరగదీయాల్సి రావచ్చు. అప్పుడు నరం దాకా వెళితే రూట్ కెనాల్ కూడా చేయాలి. అలాగని బ్రిడ్జిని చెడ్డదని తీసిపారేయను. ఆ రెండు పళ్లకూ ఇప్పటికే పెద్ద ఫిల్లింగులో, క్యాపులో ఉంటే అరగదీయడంలో కొత్తగా పోయేది తక్కువ. రెండు, మూడు వారాల్లో పని పూర్తవుతుంది, సర్జరీ ఉండదు. శ్రద్ధగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు నిలుస్తుంది. కాకపోతే రోజూ దాని అడుగున ప్రత్యేకమైన దారంతో శుభ్రం చేయాల్సిందే. మోస్తున్న పళ్లలో ఒకటి పుచ్చినా మొత్తం బ్రిడ్జి తీసేయాల్సి రావచ్చు. మీ దంతవైద్యులు ఆ సలహా ఎందుకిచ్చారో అడగండి. ఆ పళ్ల పరిస్థితి స్వయంగా చూసింది వారే.

పై దవడ పన్ను విషయంలో మరో చిక్కు ఉంది. దవడ పళ్ల వేళ్లకు పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది. అక్కడ ఎముక ఎత్తు చాలకపోతే ముందుగా ఎముక పొడి నింపి ఎత్తు పెంచాలి. ఆ పన్ను పోయి రెండు నెలలే అయింది కాబట్టి, చిగుళ్ల చికిత్స పూర్తి కాగానే స్కాన్ చేయించండి. దీన్ని కూడా మూడేళ్లు వదిలేయవద్దు.

తీసి పెట్టుకునే పళ్లను చాలామంది చిన్నచూపు చూస్తారు. అది సరికాదు. ఎక్కువ పళ్లు పోయినవారికి, సర్జరీకి ఆరోగ్యం సహకరించనివారికి అవే మేలు. మీకు ఈ నాలుగైదు నెలలు తాత్కాలికంగా వాడుకోవడానికి కూడా పనికొస్తాయి. రాత్రి తీసి నీళ్లలో ఉంచాలి. వేడినీళ్లతో కడిగితే వంకర తిరుగుతాయి. పోయిన ప్రతి పన్నునూ పెట్టించుకోవాలనే నియమం కూడా లేదు. వరుసలో అన్నిటికంటే చివరి పన్ను పోయి, మిగతావి చక్కగా నములుతుంటే వదిలేయమని నేనే చెబుతుంటాను. మీది మొదటి దవడ పన్ను. పక్క పన్ను అప్పుడే ఒరిగింది. వదిలేయదగ్గది కాదు.

ఎముకలు గుల్లబారినందుకు ఎప్పుడైనా అలెండ్రోనేట్ మాత్రలు గాని, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు గాని వాడి ఉంటే, మానేసి చాలా కాలమైనా సరే, సర్జరీకి ముందే దంతవైద్యులకు చెప్పి తీరాలి. అరుదుగానైనా దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపవద్దు. మొదటిసారి వెళ్లేటప్పుడే చక్కెర పరీక్షల రిపోర్టులు, మీరు వాడే మందులన్నీ వెంట తీసుకెళ్లండి. ఈలోగా చిగురు వాచినా, చీము కనిపించినా, మరో పన్ను కదులుతున్నట్టు అనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే చూపించుకోండి.