మార్సెయ్ కార్ల దొంగల చిత్రం ఎంత వెతికినా దొరకడం లేదా?

భాష ఫిల్టర్‌లో ఫ్రెంచి అని పెట్టడమే బహుశా కారణం. ఫ్రాన్సు నగరం మార్సెయ్‌లో ఇద్దరు అన్నదమ్ములు పాతకాలపు ఖరీదైన కార్లను దొంగిలించే ఫ్రెంచి చిత్రమని మీరు రాశారు; అది 2017 నాటి ‘ఓవర్‌డ్రైవ్’.

1. ఫ్రెంచిని తొలగించి ఇంగ్లీషు ఎంచుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. నిర్మాణం ఫ్రాన్సుదే అయినా, స్కాట్ ఈస్ట్‌వుడ్, ఫ్రెడీ థార్ప్, ఆనా డి అర్మాస్ నటించిన ఈ చిత్రాన్ని ఇంగ్లీషులోనే తీశారు కాబట్టి, ఫ్రెంచి భాషా చిత్రాల జాబితాలో ఇది సాధారణంగా కనిపించదు.

2. పేరుకు 2017ను, దర్శకుడు ఆంటోనియో నెగ్రెట్ పేరును జోడించండి. లేకపోతే అదే పేరుతో 2018లో వచ్చిన జపాన్ కార్ల ర్యాలీ పందేల చిత్రం ఎదురవుతుంది.

3. ఆరంభంలో కదులుతున్న లారీ మీది నుంచి బుగాట్టి కారును కాజేసే ఘట్టం, ఆపై 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ప్రస్తావన ఉంటే మీరు వెతుకుతున్నది అదే. ఆ బుగాట్టి ఘట్టం చిత్రంలోకెల్లా ఉత్తమమైనది.