టెక్ సందేహాలు: ఈ వారం ఏం చూడాలి, ఏం వినాలి... అసలు దేంట్లో?

వారం వారం సినిమాల పేర్లు, పుస్తకాల పేర్లు చెప్పమని చాలామంది అడుగుతుంటారు. ఈసారి వచ్చిన సందేహాలు చూస్తే పేర్లకేమీ కరువు లేదని తెలిసిపోయింది. చూడాల్సినవి అందరి దగ్గరా బోలెడున్నాయి. ఫోన్‌లోనో, నెట్‌లోనో, కంటిచూపులోనో ఎక్కడో ఒకచోట పని ఆగిపోతోంది. అందుకే ఈ వారం సిఫార్సులన్నీ ఆ ముళ్లు విప్పుకుంటూనే.

“రిటైరైన టీచర్‌ని. రాత్రిపూట యూట్యూబ్‌లో హరికథలు, అవధానాలు వినేదాన్ని. సెలవులకొచ్చిన మనవడు పది దినాలు నా ఫోన్ వదల్లేదు. ఇప్పుడు తెరిస్తే చాలు జేసీబీలు, బొమ్మ కార్లే వస్తా ఉండాయి. నా హరికథలు యాడికి బోయినాయి?” (కట్టమంచి, చిత్తూరు)

ఎక్కడికీ పోలేదమ్మా. ఆ ఫోన్‌లో ఎవరు ఏం చూసినా యూట్యూబ్ మీ ఖాతాలోనే రాసుకుంటుంది. దాని లెక్కలో ఇప్పుడు మీకు జేసీబీలంటే ప్రాణం. సెట్టింగ్స్‌లో హిస్టరీ అంతా మేనేజ్ చేసే చోటికి వెళ్తే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని చెప్పి చెరిపేయొచ్చు. మనవడున్న పది రోజులూ తీసేయండి. మొత్తం తుడిచేస్తే మీ హరికథల జాడ కూడా పోతుంది, అది మాత్రం వద్దు. ఇంకా ఒకటీ అరా బొమ్మ కార్లు కనిపిస్తే పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘ఆసక్తి లేదు’ అనండి. రెండు మూడు రోజుల్లో దారికొస్తుంది. ఈసారి పిల్లాడొస్తే యూట్యూబ్ కిడ్స్ యాప్ వేసివ్వండి.

ఇంకో దారి కూడా ఉంది. హిస్టరీ మొత్తం తీసేసి, ఇకమీదట రాసుకోకుండా ఆపేస్తే మొదటి పేజీ ఖాళీగా కనిపిస్తుంది. కావాల్సింది మనమే వెతుక్కోవాలి. నేను చాలాకాలంగా ఇలాగే వాడుతున్నా. అదేం చూపిస్తే అది చూడటం కన్నా నాకిదే హాయి.

“సెకండ్ హ్యాండ్‌లో మంచి ఫోన్ కొన్నాను. యూట్యూబ్ అద్దంలా కనిపిస్తుంది, ఓటీటీలో సినిమా పెడితే మాత్రం మసక మసకగా ఉంది. నెట్ స్పీడ్ బాగానే ఉంది. స్క్రీన్ పోయిందా?” (రేణిగుంట)

స్క్రీన్ పోతే యూట్యూబ్ కూడా మసగ్గానే ఉండాలి కదా. సందేహించాల్సింది వైడ్‌వైన్‌ని, అంటే వీడియోలకి తాళం వేసే గూగుల్ పద్ధతిని. ఓటీటీ కంపెనీలు సినిమాని తాళం వేసి పంపిస్తాయి. ఆ తాళం ప్రాసెసర్‌లోనే ఉన్న భద్రమైన గదిలో తెరుచుకుంటే ఎల్‌1 అంటారు. అలా కాకుండా ఉత్త సాఫ్ట్‌వేర్‌తో తెరుచుకుంటే ఎల్‌3. కాపీ కొట్టేస్తారన్న భయంతో ఎల్‌3 ఫోన్లకి మామూలుగా 480పి దాకానే, అంటే తక్కువ స్పష్టతతోనే పంపిస్తారు. యూట్యూబ్‌లోని మామూలు వీడియోలకి ఈ తాళం గొడవ లేదు కాబట్టి అవి బాగానే ఉంటాయి.

నెట్‌ఫ్లిక్స్ ఉంటే దాని యాప్ సెట్టింగ్స్‌లో ‘ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్’ చూడండి, మీ ఫోన్‌ది ఎల్‌1 అవునో కాదో అక్కడ రాసి ఉంటుంది. లేకపోతే ప్లే స్టోర్‌లో ‘డీఆర్ఎం ఇన్ఫో’ అనే చిన్న యాప్ వేసుకుని చూడొచ్చు. మొదట ఎల్‌1గా వచ్చిన ఫోన్ కూడా, పాత యజమాని బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి ఉంటే ఎల్‌3కి పడిపోవచ్చు. పెండింగ్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏదైనా ఉంటే వేసి చూడండి. అప్పటికీ మారకపోతే దానికోసం ఇంకో రూపాయి ఖర్చు పెట్టొద్దు. ఖరీదైన హెచ్‌డీ ప్లాన్ తీసుకున్నా ఆ ఫోన్‌లో అదే మసక. ఇకమీదట పాత ఫోన్ కొనేవాళ్లు, డబ్బులిచ్చే ముందు అంగట్లోనే ఈ ఒక్కటి చూసుకోండి. బ్యాటరీ గురించి అందరూ అడుగుతారు, దీని గురించి ఒక్కరూ అడగరు.

“తిరుపతి ఎస్వీయూలో పీజీ. శనివారం బస్సులో పలమనేరు వెళ్తాను. రోజుకి 1.5 జీబీ డేటా. మొగిలి ఘాట్ దగ్గర వీడియో ఆగి చక్రం తిరుగుతూనే ఉంటుంది.”

శుక్రవారం రాత్రి హాస్టల్ వైఫైలో డౌన్‌లోడ్ చేసేసుకో తమ్ముడూ. క్వాలిటీ ‘స్టాండర్డ్’ పెట్టుకో, ఆరంగుళాల తెర మీద పెద్దగా తేడా తెలియదు. వారం ముందే దించి పెట్టుకోవద్దు. డౌన్‌లోడ్ చేసిన వాటికి గడువుంటుంది. కొన్నింటికైతే ప్లే నొక్కిన క్షణం నుంచి 48 గంటలే. తప్పనిసరై డేటాతోనే చూడాల్సొస్తే నెట్‌ఫ్లిక్స్‌లో ‘సేవ్ డేటా’ పెడితే ఒక జీబీకి దాదాపు 6 గంటలు వస్తుంది. డబ్బు పెట్టకుండా చూడటానికి ప్రసార భారతి వారి వేవ్స్ యాప్ ఉంది, పాత దూరదర్శన్ కార్యక్రమాలు దొరుకుతాయి. యాప్ కొంచెం మొండిది. ఓపిక పట్టాలి.

“మా నాయనకి చూపు మందగించింది. పాత తెలుగు పుస్తకాలు పీడీఎఫ్‌లు దించిచ్చినాను. అక్షరం పెద్దది చేస్తే లైను తెర బయటికి పోతుంది. కిండిల్ కొనమంటారా?” (తిరుచానూరు)

ఆగండి, కొనకండి. మీ దగ్గరున్నవి పుస్తకాల ఫొటోలు. అందులోని ‘అ’ ఫోన్ దృష్టిలో అక్షరం కాదు, నల్లటి గీత. అందుకే పెద్దది చేస్తే పేజీ మొత్తం పెద్దదవుతుంది, లైను విరిగి కిందికి దిగదు. కిండిల్‌లాంటి ఆరంగుళాల ఈ-రీడర్ కొన్నా ఇదే కథ. పైగా అందులో పేజీ జరపడం ఇంకా నెమ్మది.

ఇంకో రకం పీడీఎఫ్‌లు ఉన్నాయి, డీటీపీ చేసినవి, అంటే కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టినవి. చూడ్డానికి చక్కగా ఉంటాయి. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా పడితే అది అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో చేసింది. ఫోన్‌కి అదీ తెలుగుగా తెలియదు కాబట్టి చదివి వినిపించలేదు. పేస్ట్ చేసినప్పుడు తెలుగు తెలుగులాగే వస్తే యూనికోడ్, అంటే ఏ ఫోన్‌కైనా అర్థమయ్యే అక్షరం. మీ నాయనకి కావాల్సింది అదే.

అది ఉచితంగా దొరికే చోటు తెలుగు వికీసోర్స్. పాత పుస్తకాల్ని ఔత్సాహికులు పేజీ పేజీ టైపు చేసి, తప్పులు దిద్ది పెడుతున్నారు. శతకాలు, ప్రబంధాలు, వ్యాసాలు ఉంటాయి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లకి కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి పాతవే ఎక్కువ. పీడీఎఫ్ కాకుండా ‘ఈపబ్’గా దించుకోండి. ప్లే బుక్స్‌లోకి ఎక్కిస్తే అక్షరం ఎంత పెంచినా లైను తెరలోనే సర్దుకుంటుంది. కళ్లు అలిసిపోతే ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీలో ‘సెలెక్ట్ టు స్పీక్’ ఆన్ చేయండి, తెలుగు గొంతు చదివి పెడుతుంది. పద్యాలు మాత్రం దానితో చదివించొద్దు. యతి దగ్గర ఆగదు, సంధి దగ్గర తడబడుతుంది, వినే పెద్దాయనకి కోపమొస్తుంది. వచనానికి ఫరవాలేదు.

అన్నమయ్య సంకీర్తనల్లాంటివి కావాలంటే టీటీడీ ఈబుక్స్ సైటు ఉంది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి, కాకపోతే అక్కడ ఎక్కువగా స్కాన్లే. వాటికి పదంగుళాల మామూలు ట్యాబ్లెట్ నయం, అదీ ఇంట్లో ఎవరిదైనా ఉంటే అడిగి తీసుకుని వారం వాడి చూశాక.

“పండక్కి ఆడుకోడానికి మంచి రమ్మీ యాప్ చెప్పండి, కొంచెం డబ్బులు కూడా వచ్చేది.” (చిత్తూరు)

చెప్పను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై చట్టం చేసింది. ఎవరైనా వాట్సాప్‌లో ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైలు) పంపి ‘ఇది పనిచేస్తుంది’ అంటే అసలు తెరవకండి. అలాంటివి ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతాయి. మీ ఓటీపీలొచ్చేది ఎస్సెమ్మెస్‌లోనే.

ఆడాలనుంటే లీచెస్ వేసుకోండి. చదరంగం, పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు. నెట్ లేకపోయినా కంప్యూటర్‌తో ఆడొచ్చు. ఇంకా మనదే కావాలంటే పులి-మేక. పాత మండపాల్లో నేల బండల మీద గీసి ఉంటుంది చూడండి, 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట్లు 23. దీనికీ యాప్‌లు ఉన్నాయి కానీ రెండు పులులు కదల్లేకుండా చిక్కుకుపోతే తిట్టడానికి ఎదురుగా మనిషుండాలి. సుద్దముక్కతో గీసుకోండి.

“అలిపిరి మెట్లెక్కేటప్పుడు వినడానికి ఏదైనా చెప్పండి.”

3,550 మెట్లు, మామూలు నడకకి మూడు నాలుగు గంటలు. పాడ్‌కాస్ట్‌లకి యాంటెన్నాపాడ్ వాడండి. ఉచితం, ప్రకటనలు లేవు, ఎపిసోడ్లు ఇంట్లోనే దించుకోవచ్చు. ఆకాశవాణి కావాలంటే న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఉంది, దానికి మాత్రం సిగ్నల్ కావాలి. ఒక చెవికే పెట్టుకోండి, వెనకనుంచి వచ్చేవాళ్ల పిలుపు వినపడాలి. గుడిలోకి ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు అనుమతించరు, ఇయర్‌బడ్స్ కూడా డిపాజిట్ చేయాల్సిందే. కంపార్ట్‌మెంట్‌లో ఎంతసేపు పడుతుందో తెలియదు కాబట్టి సంచిలో చిన్న అచ్చు పుస్తకం వేసుకోండి. డిపాజిట్ రసీదు ఒళ్లో భద్రంగా పెట్టుకోండి. ప్రతిదానికీ ఫొటో తీసి పెట్టుకునే అలవాటున్నవాళ్లకి ఒక మాట: ఫోన్ కౌంటర్‌లో ఉంటుంది.