1972 అంబాసిడర్‌కు ఇసుజు వేయించాలా, డీజిల్ వేయించాలా? రెండూ వద్దు

ప్రశ్న అడిగినవారు కర్నూలువారు. ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడిపోయిన 1972 మార్క్ 2 అంబాసిడర్‌ను బాగు చేయిస్తున్నారు. ఇంజన్ జామ్ అయింది. "ఇది పనికిరాదు, 1800 ఇసుజు గానీ డీజిల్ గానీ ఎక్కిద్దాం" అని మెకానిక్ అంటున్నాడట. ఇసుజు అంటే తర్వాతి అంబాసిడర్లలో వచ్చిన జపాన్ కంపెనీ ఇంజన్. ఏది మేలో చెప్పమన్నారు.

ఆ బండికి దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజనే ఉండాలి. మీ బ్లాక్ (సిలిండర్లు ఉండే పోత దిమ్మ) పనికొస్తే అదే, రాకపోతే అదే రకం ఇంకొకటి. కొలత చూడకుండా ఇంజన్ పోయిందని తేల్చేయడం మన షెడ్లలో పెద్ద జబ్బు. అట్లా చెప్పి మంచి బ్లాకులను తూకానికి అమ్మేస్తున్నారు.

నిలబడిపోయిన ఇంజన్ జామ్ అయిందంటే చాలాసార్లు పిస్టన్ రింగులు బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, తుప్పు పట్టి పట్టుకున్నాయని, అంతే. నాలుగు ప్లగ్గులు తీసి, సగం డీజిల్, సగం ఇంజన్ ఆయిల్ కలిపి ఒక్కో సిలిండర్‌లో 50 మిల్లీలీటర్లు పోయండి. మూడు నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేర్‌లో వేసి బండిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు. రింగు విరిగితే బోరులో గీత పడుతుంది, సెల్ఫ్ మోటారు కూడా కాలుతుంది. కదలకపోతే హెడ్ దించడమే, అప్పుడు కూడా పిస్టన్ మీద సుత్తితో నేరుగా కొట్టనివ్వకండి, చెక్క దిమ్మ పెట్టాలి.

హెడ్ దించాక బ్లాక్‌ను బోర్ గేజ్ ఉన్న లేత్ షెడ్డుకు తీసుకెళ్లండి. వేలు పెట్టి చూసి "బాగానే ఉంది" అనేవాడి దగ్గర ఆగొద్దు. దీని స్టాండర్డ్ బోరు 73.025 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 88.9. ప్రతి సిలిండర్‌నూ పైన, మధ్యలో, కింద, ఇంజన్ పొడవు వైపు ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిపించండి. అరుగుదల 0.2 మి.మీ. దాటితే బోరు కొట్టించాలి, అంటే లేత్ మీద కాస్త పెద్దది చేయించాలి. ఇదివరకే 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాకా కొట్టి ఉంటే స్లీవ్, అంటే లోపల కొత్త ఇనప గొట్టం, వేయించి మళ్లీ స్టాండర్డ్‌కు తెచ్చుకోవడం మేలు. ముందు పిస్టన్లు కొనండి, వాటిని షెడ్డుకు ఇచ్చి, ఏ పిస్టన్‌కు ఆ బోరు కొట్టించండి. బోరు ముందు కొట్టించేసి తర్వాత పిస్టన్లకు తిరిగితే ఆ సైజు దొరకదు. రింగును ఒంటరిగా బోరులో దించి కొసల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడాలి, 0.25 నుంచి 0.30 మి.మీ. ఉంటే సరి. క్రాంక్ మూడు మెయిన్ బేరింగుల మీద తిరుగుతుంది కాబట్టి వంపు తప్పక చూపించండి. జర్నల్స్ (క్రాంక్ మీద బేరింగులు కూర్చునే చోట్లు) గ్రైండింగ్ 10, 20, 30, 40 థౌ మెట్లలో పోతుంది.

హెడ్‌లో 2, 3 సిలిండర్లకు ఎగ్జాస్ట్ దారి ఒక్కటే. అక్కడ వేడి ఎక్కువ, పగుళ్లు కూడా వాల్వు సీట్ల మధ్య అక్కడే వస్తాయి. రంగు మందు పూసి చూసే పరీక్ష చేయించండి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లో ఆగిపోయింది. సీసం ఉన్నన్నాళ్లు వాల్వు సీటును అదే కాపాడేది, ఇప్పుడు పాత పోత ఇనుము సీటు అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది, టాపెట్ సందు (వాల్వుకూ దాన్ని తొక్కే రాకర్‌కూ మధ్య ఖాళీ) మూసుకుపోతుంది. హెడ్ ఎటూ దించారు కాబట్టి నాలుగు ఎగ్జాస్ట్ సీట్లకూ గట్టి ఇన్సర్టులు (గట్టి లోహపు వలయాలు) వేయించేయండి.

ఇంజన్ వెనకనుంచి కొద్దిగా ఆయిల్ కారితే దాన్ని తప్పు పట్టొద్దు. ఈ ఇంజన్‌కు క్రాంక్ వెనక రబ్బరు సీలు లేదు, ఆయిల్‌ను వెనక్కి తిప్పే మరగీత మాత్రమే ఉంది. ధారగా కారితే మాత్రం రింగులు అరిగి లోపల గాలి ఒత్తిడి పెరిగిందని అర్థం.

ఇక ఇసుజు. 1990ల్లో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్ ఇంజన్ మంచిదే, కాదనను. 1817 సీసీ, బోరు 84, స్ట్రోక్ 82, టైమింగ్ చైన్, 75 హార్స్ పవర్. మీ పాతది 50 చిల్లర. కానీ అది ఒంటరిగా ఎక్కదు. ఐదు గేర్ల బాక్స్‌తో, ఫ్లోర్ గేర్‌తో వస్తుంది. మీది స్టీరింగ్ దగ్గరి హ్యాండ్ గేర్. అంటే ఫ్లోర్ కోసి రంధ్రం చేయాలి, ఇంజన్ మౌంటింగులు వెల్డింగ్ చేయాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చి బ్యాలెన్స్ చేయించాలి, రేడియేటర్, సైలెన్సర్ పైపు, స్పీడోమీటర్ కేబుల్, యాక్సిలరేటర్ లింకు అన్నీ మారాలి. వీటన్నిటికీ డబ్బు పెట్టి, నాలుగు చక్రాలకూ పాత డ్రమ్ బ్రేకులే ఉంచి, 44వ నంబరు హైవే మీద హైదరాబాద్ వైపు తోలుతారు. పికప్ పెరిగింది, ఆగే దూరం మారలేదు. ఇది ప్రమాదం.

డీజిల్ ఇంకా వద్దు. పాత 1489 డీజిల్‌కు ఉన్నది 37 హార్స్ పవరే. కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురు కూర్చుంటే రెండో గేర్ దాటదు. ఇసుజు 2.0 డీజిల్‌లో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. చరిత్ర తెలియని ఇంజన్‌లో ఆ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. పైగా డీజిల్ ఇంజన్ బరువుకు ముందు టార్షన్ బార్లు (స్ప్రింగుల పని చేసే కడ్డీలు) కిందికి దిగుతాయి, వాటిని మళ్లీ సెట్ చేయించాలి. మాటడార్ వ్యాన్ డీజిల్ ఇంజన్ ఎక్కించిన అంబాసిడర్లు ఒకప్పుడు చాలా తిరిగాయి. ఆ అదురుకు బాడీ ఎక్కడెక్కడ పగిలిందో పాత టింకరింగ్ మేస్త్రీలను అడగండి.

కాగితాల సంగతి దీనికంటే ముఖ్యం, మెకానిక్‌లు ఎవరూ ఇది చెప్పరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మారేట్టు బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంజన్ రకం, సీసీ, ఇంధనం మారిస్తే ఆర్‌సీ రెన్యువల్ దగ్గరా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా ఇరుక్కుంటారు. మీ బండికి ఇంకో విశేషం ఉంది: 50 ఏళ్లు దాటింది. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల కింద దానికి అర్హత ఉంది, కానీ చాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఇసుజు ఎక్కించిన రోజున ఆ దారి మూసుకుంటుంది. అయితే వింటేజ్ నంబరు తీసుకున్న బండిని రోజూ తిప్పడానికి కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు లాంటి పనులకే బయటికి తీయాలి. కాబట్టి ఏ వాడకానికో ముందే తేల్చుకోండి. మీ బ్లాక్‌నే స్లీవ్ వేసి వాడితే ఇంజన్ నంబరు మారదు, ఆర్‌టీఓ ఆఫీసులో మార్పు రాయించే పనే ఉండదు. స్లీవ్ ఖర్చు ఎక్కువనిపించినా నా ఓటు దానికే.

బ్లాక్ నిజంగానే పగిలి ఉంటే తర్వాతి అంబాసిడర్లయిన మార్క్ 4 లేదా నోవా నుంచి 1489 పెట్రోల్ ఇంజన్ వెతకండి. సెకండ్ హ్యాండ్ షెడ్డులో మీ ముందు పెట్టేది కొత్తగా రంగు కొట్టిన ఇంజన్. రంగును నమ్మొద్దు. వాల్వు కవర్ తీయించండి, రాకర్ షాఫ్ట్ మీద నల్లటి జిడ్డు గట్టిపడి ఉంటే ఆయిల్ మార్చకుండా తోలారు. ఆయిల్ డిప్ స్టిక్ మీద పాలమీగడ రంగు కనిపిస్తే నీళ్లు కలిశాయి. వాటర్ పంపు పైపు ఊడదీసి వేలు లోపల తిప్పండి, ఎర్ర బురద వస్తే ఇంజన్ లోపల నీళ్లు తిరిగే జాకెట్లు పూడిపోయాయి. తర్వాత ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ గేజ్ పెట్టించండి. నాలుగింటి మధ్య తేడా పది శాతం మించకూడదు. ఒకటి తక్కువ చూపితే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. గేజ్ పెట్టనివ్వనివాడి దగ్గర కొనొద్దు. బ్లాక్ మీది నంబరు గీకి ఉంటే ఎంత తక్కువకిచ్చినా ముట్టొద్దు. తుక్కు చేసిన బండి ఆర్‌సీ కాపీ, అమ్మిన బిల్లు తీసుకోండి. ఫ్లైవీల్, క్లచ్ అదే బండివి తెచ్చుకోండి. గేర్ బాక్స్ మీ పాతదే ఉంచితే క్రాంక్ చివర, గేర్ బాక్స్ షాఫ్ట్ కొస కూర్చునే స్పిగాట్ బుష్ సైజు కొలిచి చూడండి. అది సరిపోకపోతే క్లచ్ తొక్కినా గేర్ పడక గరగరమంటుంది.

ఏ ఇంజన్ వేసినా మన సీమ బోరుబావి నీళ్లు రేడియేటర్‌లో పోయొద్దు. ఆ నీళ్లలోని సున్నం బ్లాక్ లోపల పొరలు కడుతుంది, నాలుగో సిలిండర్ చుట్టూ ముందుగా పూడుతుంది. ఎండాకాలం 42 డిగ్రీల్లో బండి కాగితే "ఇంజన్ వీక్" అంటారు, థర్మోస్టాట్ పీకి పారేస్తారు. అది పీకితే ఇంజన్ వేడెక్కడం ఆలస్యమై, పెట్రోల్ ఆయిల్‌ను కడిగేసి బోరు త్వరగా అరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. రేడియేటర్ కోర్ కొత్తది కట్టించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్ కాబట్టి పాత రబ్బరు పైపులు, పెట్రోల్ పంపు డయాఫ్రం కూడా మార్చేయండి.

కొత్త ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్‌తో తిప్పాలి. 20W-50 మినరల్ ఆయిల్ చాలు. వేడి మీద పరుగులో 50 పీఎస్ఐ, ఐడిలింగ్‌లో 15 చూపిస్తే బేరింగులు బాగున్నట్టు. 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, హెడ్ బోల్టులు మళ్లీ బిగించి, టాపెట్లు చూపించండి.

బోరు, జర్నల్ కొలతలు వచ్చాక కింద రాయండి. ఏ సైజు పిస్టన్, ఏ సైజు బేరింగ్ అడగాలో చెప్తాను.