పిల్లలకు హైకూ నేర్పేటప్పుడు మూడో పాదం దగ్గర ఆగండి

ఆరో తరగతి చదువుతున్న మీ పాప 5-7-5 అక్షరాల లెక్క తప్పకుండా హైకూలు (జపాన్ నుంచి వచ్చిన మూడు పాదాల చిన్న కవితలు) రాస్తున్నా, అవన్నీ నీతివాక్యాల్లా తయారవుతున్నాయని, ఎక్కడ సరిదిద్దాలో తెలియడం లేదని అడిగారు. నేను కడప జిల్లాలో, జమ్మలమడుగు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఆరు, ఏడు తరగతుల పిల్లలతో కొన్నేళ్ళుగా హైకూలు రాయిస్తున్నాను. మీరు చెప్పిన ఇబ్బందే నాకు మొదటి ఏడాది ఎదురైంది. నల్లబల్ల మీద 5, 7, 5 అని అంకెలు వేసి రాయమన్నాను. మరునాడు వచ్చిన నలభై నోటుపుస్తకాల్లో లెక్క తప్పినవి రెండో మూడో ఉన్నాయి. కానీ సాయంత్రం ఇంటికి వెళ్ళాక వాటిలో ఒక్కటైనా నాకు గుర్తుకు రాలేదు. తప్పు పిల్లలది కాదు, నేను మొదలుపెట్టిన చోటుది.

మన పిల్లలకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన చిన్న పద్యం వేమన పద్యం. ‘ఉప్పు కప్పురంబు’ పద్యమే తీసుకోండి. మొదటి రెండు పాదాల్లో కంటికి కనిపించే పోలిక వస్తుంది, మూడో పాదంలో దాని తాత్పర్యం తేలుతుంది, నాలుగోది మకుటం. ఆ నడక మన సీమ పిల్లల రక్తంలో ఉంది, అది ఉండవలసిందే. ఆ పద్యాలు నేర్పకుండా నేను ఏ తరగతినీ పై తరగతికి పంపను. అయితే హైకూ రాయమన్నప్పుడు కూడా చెయ్యి ఆ అలవాటుతోనే కదులుతుంది. రెండు పాదాలు చూసినదాన్ని చెప్పి, మూడో పాదంలో తీర్పు చెప్పేస్తారు. హైకూ ఆ తీర్పునే వద్దంటుంది. జపాన్ హైకూ కవి బషో (1644–1694) 1686లో రాసిన కప్ప హైకూలో ఉన్నదల్లా ఒక పాత కొలను, అందులోకి దూకిన కప్ప, నీటి చప్పుడు. ఆ చప్పుడు విని ఏమనుకోవాలో ఆయన చెప్పలేదు. కాబట్టి మీ పాపతో చేయవలసిన పనంతా ఆ చివరి ఐదు అక్షరాల దగ్గరే ఉంది.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. మా ప్రాంతమంతా నాపరాయి. బడి వరండా కూడా ఆ బండలే. మధ్యాహ్న భోజనం తరువాత పిల్లలు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని దాని మీదుగానే తరగతికి వస్తారు. బండలు పాలిష్ పట్టే చోట పనిచేసే దంపతుల కూతురు ఒకమ్మాయి ఇలా రాసింది.

నాపరాయి పై
తడి కాళ్ళ గుర్తులు
జీవితమింతే

అక్షరాలు సరిగ్గా పదిహేడు. మొదటి రెండు పాదాలు చదివి నాకు నిజంగా సంతోషం కలిగింది, ఎందుకంటే అవి ఆ అమ్మాయి కళ్ళతో చూసినవి. మూడోది మాత్రం ఎక్కడో విన్నది. నేను దాన్ని కొట్టివేయలేదు, తప్పు అనలేదు. “ఆ గుర్తులు ఆ తరువాత ఏమయ్యాయమ్మా?” అని అడిగాను. “ఆరిపోయినాయి సార్” అంది. “అన్నీ ఒక్కసారే ఆరాయా?” అంటే జవాబు లేదు. లేచి కుళాయి దగ్గరకు వెళ్ళి, కాళ్ళు తడుపుకుని వచ్చి, ఎండ పడుతున్న బండ మీద నాలుగడుగులు నడిచి, అక్కడే గొంతుక్కూర్చుంది. చుక్కల్లా విడివిడిగా పడిన వేళ్ళ గుర్తులు ముందు పోయాయి, మడమ దగ్గర తడి ఇంకా నిలిచి ఉంది. తిరిగి వచ్చి మూడో పాదం మార్చుకుంది.

నాపరాయి పై
తడి కాళ్ళ గుర్తులు
వేళ్ళు ఆరాయి

ఇందులో జీవితం అన్న మాట లేదు. అయినా చదివినవారికి, ఆ అమ్మాయి మొదట చెప్పాలనుకున్నది ఇంకా బలంగానే అందుతుంది. నేను చేసినదల్లా రెండు ప్రశ్నలు అడగడమే.

ఇక లెక్క విషయం. జపనీయులు లెక్కించే పదిహేడు మన అక్షరాలతో సమానం కావు. వారి లెక్క మన ఛందస్సులోని మాత్రకు దగ్గరగా ఉంటుంది. దీర్ఘాన్ని రెండుగా, పదం మధ్యలోనో చివరో పలికే ‘న్’ను విడిగా ఒకటిగా లెక్కిస్తారు. ‘టోక్యో’ మనకు రెండక్షరాలే అయినా వారికి నాలుగు. పైగా వారు హైకూను సాధారణంగా పైనుంచి కిందికి ఒకే వరుసలో అచ్చు వేస్తారు, మూడు పాదాలుగా విడగొట్టడం ఇతర భాషల్లో స్థిరపడిన పద్ధతి. కనుక 5-7-5 అక్షరాలన్నది మనం మన సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటు. తెలుగులో హైకూ రాసినవారిలో దాన్ని పాటించినవారూ ఉన్నారు, పాటించనివారూ ఉన్నారు. నా తరగతిలో పదిహేడు దాటకూడదన్నదే నియమం, తక్కువైతే తప్పు లేదు. లెక్క నింపడం కోసం ‘ఎంతో’, ‘చాలా’, ‘అందమైన’ అని చేర్చినప్పుడే హైకూ పాడవుతుంది. మన క్రియలు ఎంత పొడవో కూడా పిల్లలకు చూపించాలి. ‘కనిపిస్తున్నాయి’ ఒక్కటే ఆరు అక్షరాలు మింగుతుంది, చెప్పేది మాత్రం ఏమీ ఉండదు. క్రియ లేకుండానే వాక్యం నిలబడటం తెలుగుకు ఉన్న గొప్ప వసతి. ‘కుండలో నీళ్ళు’ అంటే చాలు, ‘ఉన్నాయి’ అనక్కరలేదు.

హైకూలో ఋతువును సూచించే మాట ఉండాలన్న సంప్రదాయాన్ని నేను వదలను, కానీ చెర్రీపూలనూ మంచునూ మా పిల్లల చేత రాయించను. జపాన్‌లో కప్ప వసంతానికి గుర్తు, మాకు కప్ప అంటే వాన. ఋతువుల మాటలను వారు ప్రత్యేకంగా నిఘంటువుల్లో కూర్చుకున్నారు. మన రైతుల నోట ఆ పని చేసేవి ఇరవై ఏడు కార్తెలు. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్న సామెతలోనే మే నెలాఖరు ఎండ మొత్తం ఉంది. పిల్లలను ఇంట్లో అవ్వనో తాతనో అడిగి, ఒక్కో కార్తెకు ఏం కనిపిస్తుందో రాసుకుని రమ్మంటాను. అలా వచ్చినదే ఒక పిల్లవాడి హైకూ. మొదట దాని చివరి పాదం ‘ఎంత అందమో’ అని ఉండేది. “ఎక్కడ చూశావురా?” అంటే, “పట్టుకొచ్చి అగ్గిపెట్టెలో పెట్టుకున్న్యా సార్” అన్నాడు. హైకూ అప్పుడే పూర్తయింది.

వాన వెలిసె
ఆరుద్ర పురుగులు
అగ్గిపెట్టెలో

ఇంట్లో మీరు చేయగలిగినది చెబుతాను. మొదటి వారం హైకూ అన్న మాటే ఎత్తకండి. పాప బడి నుంచి రాగానే దారిలో చూసినవి, విన్నవి, వాసన తగిలినవి ఐదు చీటీల మీద ఒక్కొక్కటిగా రాయమనండి. ‘లాగా’, ‘వలె’ అన్న పోలికలు, ‘ప్రకృతి’, ‘మనసు’, ‘జీవితం’ అన్న పెద్ద మాటలు కొన్నాళ్ళు పక్కన పెట్టమనండి. తరువాత ఆ చీటీలలో రెండింటిని పక్కపక్కన పెట్టి, మధ్యలో ఏమీ చెప్పకుండా చదవమనండి. జపనీయులు మధ్యలో ఆగడానికి ‘యా’ వంటి ఒక చిన్న మాట వాడతారు. మనకు పాదం విరుపే ఆ పని చేస్తుంది. రెండు చీటీల మధ్య ఏదో ఒకటి కదిలినట్టు పాపకే అనిపిస్తే అది హైకూ అవుతుంది, అనిపించకపోతే మరో రెండు తీసుకుంటుంది. అక్షరాల లెక్క అన్నిటికంటే చివర.

మార్కుల గురించి కూడా మీరు అడిగారు. దాచకుండా చెబుతాను. ఆ తడి కాళ్ళ హైకూను నేను ఒక పోటీకి పంపించాను. ‘సందేశం లేదు’ అని పక్కన పెట్టారు. ఆ అమ్మాయికి ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కాబట్టి బడిలో ఉపాధ్యాయులు సందేశం ఉండాలని అడిగితే పాప చేత వాదన పెట్టించకండి. బడికి ఒకటి రాయనివ్వండి, ఇంట్లో ఇంకో నోటుపుస్తకం పెట్టండి.

ఇప్పటికే రాసినవాటిని పారేయవద్దు. వాటిలో ఒకదాన్ని తీసుకుని, మూడో పాదాన్ని మీ వేలితో మూసి, మొదటి రెండు పాదాలు పాప చేతనే చదివించి, “అప్పుడు అక్కడ ఇంకేం ఉంది?” అని మాత్రం అడగండి. మీకు మంచి పాదం తోచినా చెప్పకండి. ఆ రోజు జవాబు రాకపోతే మరునాడు అదే చోటుకు తీసుకువెళ్ళండి. పాప కొత్తగా రాసిన పాదం ఏమిటో వీలైతే ఇక్కడే తెలియజేయండి, మా తరగతిలో చదివి వినిపిస్తాను.