మ్యాచ్ కాలేదు, ఇంట్లో ఇక చాలంటున్నారు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. 2018లో ఎంబీబీఎస్ పూర్తయింది. పెళ్లయ్యాక డాలస్ వచ్చాను. ఆయనది హెచ్-1బీ, నాది హెచ్-4 (జీవిత భాగస్వామి వీసా). పాపకు మూడేళ్లు. అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలు స్టెప్ 1, స్టెప్ 2 సీకే (స్కోరు 238) మొదటిసారే పాసయ్యాను. ఇంటర్నల్ మెడిసిన్‌లో రెసిడెన్సీ (ఆసుపత్రిలో పీజీ శిక్షణ) కోసం 150 ప్రోగ్రాములకు అప్లై చేస్తే రెండే ఇంటర్వ్యూలు వచ్చాయి. మార్చిలో జరిగే సీట్ల కేటాయింపులో మ్యాచ్ కాలేదు. ‘ఇంకెన్నేళ్లు, ఇంకెంత డబ్బు’ అంటున్నారాయన. అత్తగారు రెండో బిడ్డ గురించి అడుగుతున్నారు. అమ్మ ఫోన్ చేసినా ఎత్తబుద్ధి కావడం లేదు.

జవాబు: ముందు అమ్మకు ఫోన్ చేయండి. 2024, 2025 మ్యాచ్‌లలో అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో సీటు దొరికింది సుమారు 58 శాతం మందికే. పదిమందిలో నలుగురు ఫలితం తెలిసే ఆ సోమవారం మీరు చూసిన మెయిలే చూశారు. ఇందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోండి. డాక్టర్లే ఈ పని వాయిదా వేస్తుంటారు.

మీవారి ప్రశ్న గుచ్చుకున్నా, అడగాల్సిన ప్రశ్నే. ఈరాస్‌లో (రెసిడెన్సీ దరఖాస్తులు పెట్టే ఆన్‌లైన్ వ్యవస్థ) మొదటి 30 ప్రోగ్రాములకు ఒక్కోదానికి 11 డాలర్లు, ఆపైన 30. అంటే 150కి 3,930 డాలర్లు. అదే దరఖాస్తు మళ్లీ పెడితే ఆ డబ్బు మళ్లీ పోతుంది. మీకు అడ్డుపడింది ఎక్కువగా పట్టా వచ్చిన ఏడాదే. అయిదేళ్లు దాటిన ఫైలును చాలా ప్రోగ్రాములు తెరవనే తెరవవు. స్టెప్ 1 మార్కులు 2022 నుంచి లేవు కాబట్టి బరువంతా స్టెప్ 2 మీదే. 238 పరవాలేదనిపించే స్కోరే, కానీ పాత పట్టాను మరిపించేంత కాదు. కాబట్టి ఈసారి 150 వద్దు. ప్రతి ప్రోగ్రాం వెబ్‌సైటులో ప్రస్తుత రెసిడెంట్ల జాబితా చూడండి. మన కాలేజీల్లో చదివినవారు, పాత పట్టా ఉన్నవారు కనిపిస్తేనే ఉంచండి. ఇంటర్నల్ మెడిసిన్‌కు ఇచ్చే 15 సిగ్నళ్లను (ఆ ప్రోగ్రాం మీద ప్రత్యేక ఆసక్తి ఉందని తెలిపే గుర్తులు: 3 గోల్డ్, 12 సిల్వర్) పేరున్న యూనివర్సిటీలకు ధారపోయకుండా వీటికే వాడండి. వేసవిలో రెండు అబ్జర్వర్‌షిప్‌లు (ఆసుపత్రిలో డాక్టర్ల పనిని దగ్గరుండి చూడటం) చేసి, మీతో దగ్గరగా పనిచేసిన అమెరికా డాక్టర్ల నుంచి కొత్త సిఫారసు లెటర్లు తీసుకోండి. ‘గ్యారంటీ మ్యాచ్’ అనేవాళ్లకు, పరీక్ష ప్రశ్నలు అమ్మే టెలిగ్రామ్ గ్రూపులకు దూరంగా ఉండండి. రెండోదానితో స్కోరే రద్దు కావచ్చు.

అసలు చర్చ వీసా గురించి జరగాలి. అది మీ ఒక్కరి విషయం కాదు. జె-1 (శిక్షణ కోసం వచ్చేవారి వీసా) తీసుకుంటే రెసిడెన్సీ తర్వాత రెండేళ్లు ఇండియాలో ఉండాలి, లేదా వైద్యులు కరువైన ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి మినహాయింపు పొందాలి. ఆ మినహాయింపు కోసం ఎక్కువమంది ఆశ్రయించే కాన్రాడ్ కోటాలో రాష్ట్రానికి ఏటా 30 మాత్రమే. అది తేలేవరకు మీకు హెచ్-1బీ, హెచ్-4, గ్రీన్‌కార్డు ఏవీ రావు. గ్రీన్‌కార్డుకు మీవారి వంతు వచ్చినా మీరు ఆగిపోతారు. జె-1 బదులు హెచ్-1బీ కావాలంటే లైసెన్సు పరీక్షల్లో చివరిదైన స్టెప్ 3 ముందే పాసవ్వాలి, ఇప్పుడే మొదలుపెట్టండి. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల రుసుము దేశం బయట ఉన్నవారి కొత్త పిటిషన్లకు. ఇక్కడే ఉండి స్టేటస్ మార్చుకునేవారికి వర్తించదని యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ) చెప్పింది. లాయరుతో నిర్ధారించుకుని, మీకు ఆ రుసుము వర్తించదన్న మాట రెసిడెన్సీ అప్లికేషన్‌లోనే స్పష్టంగా రాయండి, స్టేటస్ మార్పు దరఖాస్తు నడుస్తుండగా ఇండియా ప్రయాణం పెట్టుకోకండి. మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొంది ఉంటే ఇంకా సులువు: హెచ్-4 ఈఏడీతో (పని అనుమతి కార్డు) పనిచేయనిచ్చే ప్రోగ్రాములున్నాయి. అయితే 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే రెన్యువల్‌కు పాత కార్డు గడువు దానంతటదే పొడిగింపు కాదు. ఆరు నెలల ముందే పెట్టాలి, లేకపోతే మధ్యలో డ్యూటీ ఆగిపోతుంది.

పాప పడుకున్నాక ఇద్దరూ కూర్చుని మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఎంత ఖర్చు, ఏయే రాష్ట్రాలు, మీరు మిషిగన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉంటే పాప ఎవరి దగ్గర. వారానికి 80 గంటల దాకా డ్యూటీ ఉంటుందని ఆయనకు ఇప్పుడే తెలియాలి. రెండో బిడ్డ ఎప్పుడన్నది మీ ఇద్దరి నిర్ణయం, అత్తగారికి ఆ మాట ఆయనే చెప్పాలి. రెసిడెన్సీలో ఒకసారైనా ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలన్న నియమం 2022 జూలై నుంచి ఉంది.

డిసెంబరు మొదటివారాన్ని గడువుగా పెట్టుకోండి. అప్పటికి ఇంటర్వ్యూలు మూడుకు మించకపోతే, మూడో సీజన్‌కు డబ్బు కట్టకుండా ఈఏడీ మీద క్లినికల్ రీసెర్చ్ ఉద్యోగమో, ఇండియాలో పీజీయో అప్పుడు మాట్లాడుకోండి. ఆలోపు ‘ఇంకెన్నేళ్లు’ అన్న ప్రశ్న ఇంట్లో రానివ్వకూడదని ఆయన దగ్గర మాట తీసుకోండి.