ఆసుపత్రి స్టాఫ్‌కి బిల్లింగ్, రూల్సు నేర్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: ఒడిశాలోని జయపురంలో 40 పడకల ప్రైవేటు ఆసుపత్రి. స్టాఫ్‌లో సగం మంది తెలుగువాళ్లు, సగం మంది ఒడియా వాళ్లు. చికిత్స డబ్బు ఇమ్మని ప్రభుత్వ స్కీముకి, ఇన్సూరెన్సు కంపెనీలకి పంపిన క్లెయిములు వరసగా వెనక్కి వస్తున్నాయి. మేనేజ్‌మెంటు మిమ్మల్ని పిలిచి బిల్లింగ్ వాళ్లకి ట్రైనింగ్ ఇమ్మంది. సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలా, రూల్స్‌తోనా అని.

రెండూ వద్దండి. వార్డుతో మొదలుపెట్టండి. పర్లాకిమిడిలో కొన్నాళ్లు, తర్వాత బరంపురంలో ఇదే పని చేశాను. వెనక్కి వచ్చిన ఫైళ్లు తిరగేస్తే బిల్లు కొట్టినవాళ్ల తప్పు ఎక్కడో ఒకటి రెండు చోట్ల ఉండేది. మిగతావన్నీ అడ్మిషన్ కౌంటర్లోనో, వార్డులోనో, ఆపరేషన్ థియేటర్లోనో పుట్టిన తప్పులే.

ఒక హెర్నియా కేసు చెబుతాను. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఆ పెద్దాయన నడుచుకుంటూ చెకప్‌కి కూడా వచ్చాడు. క్లెయిము మాత్రం ఆగిపోయింది. మెష్ (హెర్నియా దగ్గర లోపల పెట్టే వల) వేసినట్టు ఆపరేషన్ నోట్సులో ఉంది కానీ, మెష్ డబ్బా మీది స్టిక్కర్ కేస్‌షీట్‌లో లేదు. డబ్బాతో పాటే చెత్తలోకి పోయింది. సప్లయర్ వెంటపడి, బ్యాచ్ నంబరున్న ఇన్‌వాయిస్ తెప్పించి పంపేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడు థియేటర్ సిస్టర్లతో కూర్చుని ఒక్క పద్ధతి పెట్టుకున్నాం: డబ్బా విప్పగానే ముందు స్టిక్కర్ కేస్‌షీట్‌కి అంటించాలి, ఆ తర్వాతే మెష్ డాక్టరు చేతికి వెళ్లాలి. ఆ తర్వాత "స్టిక్కర్ ఏదీ" అనే క్వెరీ (క్లెయిము ఆపి అడిగే ప్రశ్న) నాకు మళ్లీ రాలేదు. ట్రైనింగ్ అని నేననేది ఇలాంటి దాన్నే.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఇంకో తలనొప్పి పేర్లు. ఒడియాలో 'వ' చాలాచోట్ల 'బ' అయిపోతుంది. రేషన్ కార్డులో బెంకటమ్మ, ఆధార్‌లో వెంకటమ్మ. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అక్కడి కౌంటర్లో చివరి మాటని ఇంటిపేరుగా ఎక్కిస్తారు. మనిషి ఒక్కరే, కాగితాల్లో ముగ్గురు. అందుకే కౌంటర్ వాళ్లకి నేను మొదట నేర్పేది, పేరు అడిగి రాయడం మానేసి, కార్డు చేతిలోకి తీసుకుని అక్షరం అక్షరం చూసి ఎక్కించడం. తేడా ఉంటే అడ్మిట్ చేసిన రోజే ఆరోగ్య మిత్రకి (ఆసుపత్రిలో ప్రభుత్వ స్కీము పేషెంట్లకి సాయం చేసే మనిషికి) చూపించాలి. డిస్చార్జి రోజు బయటపడితే ఆ కుటుంబం సాయంత్రం దాకా బెంచీ మీదే. గజపతి, రాయగడ జిల్లాల ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లకి ఆఖరి బస్సు పోయిందంటే ఆ రాత్రి వరండాలోనే. అది చూశాక నాకు ఇది కాగితాల పని అనిపించడం మానేసింది.

డబ్బు సంగతి మాత్రం కచ్చితంగా, అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. ఒడిశాలో 2018 ఆగస్టు 15న బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన అనే ఉచిత వైద్యం స్కీము వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో, కేంద్రం స్కీము ఆయుష్మాన్ భారత్‌తో కలిసి గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తోంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి అదనంగా మరో 5 లక్షలు. ఆయుష్మాన్ ప్యాకేజీలో (ఒక్కో చికిత్సకి ఇంత అని ముందే ఖరారు చేసిన మొత్తంలో) మందులు, టెస్టులు, భోజనంతో పాటు అడ్మిషన్‌కి ముందు 3 రోజులు, డిస్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు కూడా కలిసే ఉంటుంది. అలాంటప్పుడు ప్యాకేజీలో ఉన్న మందుకి "ఇది బయట కొనుక్కోండి" అని చీటీ ఇవ్వడం తప్పు. నేను పనిచేసిన ఒకచోట ఫార్మసీ కుర్రాడు స్కీము పేషెంటు కొడుకు దగ్గర ఇంజెక్షన్లకి డబ్బు కట్టించుకున్నాడు. అతనికి చెడ్డ ఉద్దేశం లేదు, ఆ పేషెంటు స్కీములో ఉన్నట్టు అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఫిర్యాదు వెళ్లింది, డబ్బు తిరిగిచ్చాం. అప్పట్నుంచి స్కీము ఫైలుకి ఆకుపచ్చ అట్ట పెట్టాం. చదవడం రాని ఆయమ్మ కూడా గుర్తుపట్టేది.

ప్రైవేటు ఇన్సూరెన్సులో ఎక్కువ గొడవలు రూమ్ అద్దె దగ్గరే. పాలసీలో రోజుకి 3000 పరిమితి ఉండి పేషెంటు 6000 రూమ్ తీసుకుంటే, పోయేది అద్దెలో తేడా ఒక్కటే అనుకుంటారు. చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా అదే లెక్కన సగానికి కోస్తారు. మందులు, ఇంప్లాంట్లు, టెస్టుల మీద ఈ కోత ఉండదు. ఈ ముక్క రూమ్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. బిల్లు చేతిలో పెట్టేటప్పుడు చెబితే అది మోసంలాగే ఉంటుంది. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇన్సూరెన్సు కంపెనీలకి గడువులు పెట్టింది: క్యాష్‌లెస్ (పేషెంటు కట్టకుండా కంపెనీయే ఆసుపత్రికి చెల్లించడం) అడిగిన గంటలోపు, డిస్చార్జి బిల్లు అందిన 3 గంటల్లోపు తేల్చాలి. మనం డిస్చార్జి సమ్మరీ మధ్యాహ్నం పంపి వాళ్లని తిట్టుకుంటే లాభం లేదు. పొద్దున రౌండ్లలో డాక్టరు "ఇంటికి పంపుదాం" అన్న నిమిషం నుంచే వాడని మందులు ఫార్మసీకి తిరిగి పంపే పని మొదలవ్వాలి.

క్యాషియర్‌కి మరొకటి: ఒకే చికిత్సకి నగదు 2 లక్షలు గానీ అంతకుమించి గానీ తీసుకోకూడదు, రెండు మూడు రోజులుగా విడగొట్టినా సరే. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు.

పేషెంటు ఫైలు ఫోటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు మీ దగ్గరా ఉండే ఉంటుంది. మొదటి రోజే ఆపించండి. ఒప్పుకోలు కాగితం సంగతీ అంతే. సవర మాట్లాడే తల్లి చేత ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయించి పని అయిందనుకోవద్దు. ఆమె భాష తెలిసిన మనిషి చేత చెప్పించి, ఆ మనిషి సంతకం కూడా తీసుకోండి.

ఎవరైనా మిమ్మల్ని "చిన్న జబ్బుని పెద్ద ప్యాకేజీలో ఎలా ఎక్కించాలో కూడా నేర్పండి" అని అడగొచ్చు. నన్ను అడిగారు. నేర్పనని ముఖం మీదే చెప్పాను. అది పేషెంటు కార్డులోంచి దొంగతనం. రేపు నిజంగా పెద్ద జబ్బు వస్తే వాళ్ల కార్డులో ఏం మిగులుతుంది?

క్లాసు మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు అరగంట చాలు. పీపీటీలు వద్దు. వెనక్కి వచ్చిన మీ ఫైళ్లే ఒక పది తీసి, పేర్లు కనపడకుండా జిరాక్సు తీయించి, తలా ఒకటి ఇచ్చి, "డబ్బు ఇచ్చేది నువ్వే అయితే ఇస్తావా?" అని అడగండి. తెలుగూ ఒడియా కలిపే మాట్లాడండి, అందరికీ అర్థమవుతుంది. నైట్ డ్యూటీ సిస్టర్లకి మాత్రం విడిగా ఇంకోసారి చెప్పాలి. రాత్రి అడ్మిషన్లలో టైము రాయకుండా వదిలేసినవే నాకు ఎక్కువ క్వెరీలు తెచ్చాయి.